ఆంగ్ల డిగ్రీలో విద్యార్థులు ఏం నేర్చుకున్నారో తెలిసేదెలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఆంగ్ల సాహిత్య డిగ్రీలో అభ్యసన ఫలితాల మదింపు, అంటే డిగ్రీ పూర్తయ్యేసరికి విద్యార్థులు ఏం చేయగలుగుతున్నారో పరిశీలించడం, గురించి అధ్యాపకుల నుంచీ, విద్యార్థుల నుంచీ కొంతకాలంగా ప్రశ్నలు అందుతున్నాయి. అన్నీ ఒకే విషయానికి చెందినవి కనుక ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయించాం.

ప్రశ్న: ప్రతి కోర్సులోనూ పరీక్షలు పెడుతున్నాం, వ్యాసాలు రాయిస్తున్నాం, మార్కులు వేస్తున్నాం. ఇంతా చేశాక ‘అభ్యసన ఫలితాల మదింపు’ అంటూ మళ్లీ వేరే పని ఎందుకు? చేసిన పనినే రెండోసారి చేయమన్నట్టు లేదా?
– ఒక అధ్యాపకుడు

జవాబు: మీ విసుగులో న్యాయం ఉంది. ఈ పని చాలా శాఖలకు మొదట పరిచయమైంది పైనుంచి వచ్చిన ఫారాల రూపంలోనే. ఫారం నింపడమే మదింపు అనుకునేవారు ఇప్పటికీ తక్కువేమీ కాదు. అయినా మార్కులు చెప్పే సంగతి వేరు, ఒక డిగ్రీ గురించి శాఖ తెలుసుకోవలసిన సంగతి వేరు.

నవలా సాహిత్యం కోర్సులో ఒక విద్యార్థికి 68 మార్కులు వచ్చాయనుకోండి. ఆ అంకెలో హాజరు ఉంటుంది, గడువులోగా అప్పగించిన అసైన్‌మెంటు ఉంటుంది, కథాంశాలను గుర్తుంచుకున్న జ్ఞాపకశక్తి ఉంటుంది, తప్పుల్లేని వాక్యాలు ఉంటాయి, ఎక్కడో ఒక మూల సొంతంగా చేసిన వాదన కూడా ఉండవచ్చు. ఇవన్నీ కలిసి ఒక్క అంకె అయిపోయాక, ఆ విద్యార్థి ఏది చేయగలరో, ఏది చేయలేకపోతున్నారో వెనక్కి విడదీసి చూడటం ఎవరికీ సాధ్యం కాదు. అదే తరగతి రాసిన వ్యాసాలను ఒకచోట పెట్టుకుని, ‘ఉదాహరించిన వాక్యాన్ని తమ వాదనకు ఎలా వాడుకున్నారు?’ అన్న ఒక్క ప్రశ్నతో చదివితే, ఎక్కువమంది విమర్శకుల అభిప్రాయాలను చక్కగా సంగ్రహిస్తున్నారనీ, మూలపాఠం నుంచి ఎత్తిరాసిన వాక్యాన్ని మాత్రం ఎత్తిరాసి అక్కడే వదిలేస్తున్నారనీ తేలవచ్చు. మార్కుల పట్టికలో ఈ సంగతి ఎన్నటికీ కనిపించదు.

మరో విషయం. మార్కు ఒక విద్యార్థి గురించి, ఒక కోర్సు గురించి ఇచ్చే తీర్పు. మదింపు అడిగేది డిగ్రీ మొత్తం గురించి. మొదటి ఏడాది నుంచి చివరి ఏడాది వరకు ఇన్ని కోర్సులు దాటివచ్చిన విద్యార్థికి ఏ శక్తి అలవడిందన్న ప్రశ్నకు ఏ ఒక్క అధ్యాపకుడూ బాధ్యుడు కాడు. అందువల్లనే ఆ ప్రశ్న ఎవరిదీ కాకుండా పోతుంది. దాన్ని శాఖ అంతటి ప్రశ్నగా చేయడమే ఈ పని ప్రయోజనం. అది జరగని చోట మీరన్నట్టు ఇది రెండోసారి చేసిన పనే.

ప్రశ్న: మా శాఖ వెబ్‌సైటులో 14 అభ్యసన ఫలితాలు ఉన్నాయి. ‘విద్యార్థులు సాహిత్యాన్ని ఆస్వాదించగలుగుతారు’, ‘ఆంగ్ల సాహిత్య చరిత్రపై అవగాహన పొందుతారు’ వంటివి. వీటిని కొలవడం ఎలాగో మాకు అర్థం కావడం లేదు.
– ఒక శాఖాధిపతి

జవాబు: వాటిని కొలవలేరు. తిరిగి రాయండి, రాసేటప్పుడు 14ను ఐదారుకు తగ్గించండి. శాఖ అంతా కలిసి ఏడాదికి ఒక ఫలితాన్ని పరిశీలించినా 14 పూర్తయ్యేసరికి సిలబస్ కనీసం రెండుసార్లు మారిపోతుంది.

ఇలాంటి వాక్యాలు రాయడానికి చాలామంది బ్లూమ్ వర్గీకరణను ఆశ్రయిస్తారు. బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు 1956లో జ్ఞానరంగానికి చెందిన బోధన లక్ష్యాలకు ఆరు అంతస్తుల వర్గీకరణను ప్రకటించారు. 2001లో ఆండర్సన్, క్రాత్‌వోల్ బృందం దాన్ని సవరించి గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, విలువ కట్టడం, సృష్టించడం అనే క్రియల రూపంలోకి మార్చింది. ఆ వర్గీకరణ పట్ల నాకు గౌరవమే; దాని పేరుతో చలామణీ అవుతున్న క్రియాపదాల జాబితాల పట్ల మాత్రం లేదు. ‘అవగాహన పొందుతారు’ అన్నచోట ‘విశ్లేషిస్తారు’ అని మార్చినంత మాత్రాన వాక్యం మదింపుకు పనికిరాదు. ప్రతి ఫలితం పక్కనా ఒక ప్రశ్న వేసుకోండి: దీన్ని సాధించిన విద్యార్థి చేతి నుంచి వచ్చిన ఏ రాతను చూస్తే ఆ సంగతి మనకు తెలుస్తుంది? జవాబు దొరకకపోతే వాక్యంలో లోపం ఉన్నట్టే.

మీ మొదటి వాక్యాన్నే తీసుకుందాం. ‘మునుపు చదవని ఒక కవితను చదివి, దాని అర్థం గురించి ఒక వాదన ప్రతిపాదించి, ఆ వాదనకు పదాల ఎంపిక, లయ, వాక్యనిర్మాణం, కంఠస్వరం నుంచి ఆధారాలు చూపగలుగుతారు’ అని రాసుకుంటే, ఏ రాత చూడాలో, అందులో ఏం వెతకాలో ఆ వాక్యమే చెబుతుంది. రెండోదాన్ని ‘ఒక రచనను అది వెలువడిన కాలపు సామాజిక, సాహిత్య సందర్భంలో నిలిపి చదవగలుగుతారు, ఆ సందర్భం తెలియడం వల్ల రచన అర్థం ఎలా మారుతుందో చూపగలుగుతారు’ అని మార్చవచ్చు. తేదీలు, ఉద్యమాల పేర్లు అప్పగించడం ఈ రెండో వాక్యానికి సరిపోదని గమనించండి. అందువల్ల మీ ప్రశ్నపత్రాలు కూడా మారవలసి వస్తుంది. కొన్ని శాఖలు ఫలితాలను అంత అస్పష్టంగా ఎందుకు ఉంచుతాయో ఇక్కడ కొంత తెలుస్తుంది.

ఫలితాలు తేలాక ఒక పట్టిక వేయండి: ఒకవైపు కోర్సులు, మరోవైపు ఫలితాలు. ఏ కోర్సు ఏ ఫలితాన్ని పరిచయం చేస్తోంది, ఏది సాధన చేయిస్తోంది, ఏది చివరికి పరీక్షిస్తోంది అని ఒక్కొక్క గడిలో రాయండి. ఈ పట్టికకు ఒక సాయంత్రం చాలు. శాఖకు తన గురించి తెలియని సంగతులు అందులో చాలా బయటపడతాయి. సాధారణంగా రెండు చోట్ల గడులు ఖాళీగా మిగులుతాయి. మొదటిది పరిశోధనాత్మక రచన: చివరి ఏడాదిలో పరిశోధన వ్యాసం రాయమంటారు కానీ, ఆధారాలను వెతకడం, వాటిని ఒకదానితో ఒకటి పోల్చి చూడటం, వాటితో విభేదించడం అంతకుముందు ఏ కోర్సులోనూ నేర్పి ఉండరు. రెండోది మౌఖిక వ్యక్తీకరణ: అందరూ అవసరమంటారు, పక్క కోర్సులో ఎవరో చేయిస్తున్నారని అందరూ అనుకుంటారు.

ఫలితాలను భాషానైపుణ్య స్థాయిలతో కలపకండి. 2001లో ప్రచురితమైన ఐరోపా ఉమ్మడి ప్రమాణం భాషా సామర్థ్యాన్ని ఏ1 నుంచి సీ2 వరకు ఆరు స్థాయిలుగా వర్ణిస్తుంది. భాష నేర్పే కోర్సులకు అది మంచి కొలమానం. సాహిత్య డిగ్రీ విద్యార్థి ఒక రచనను ఎంత లోతుగా చదవగలరో చెప్పడం దాని ఉద్దేశం కాదు.

ప్రశ్న: సాహిత్యం మనిషిలో కలిగించే మార్పును గడుల్లో, అంకెల్లో పెట్టడం సాధ్యమా? ఈ మదింపు గోలంతా వృత్తివిద్యా కోర్సుల నుంచి మా మీద రుద్దినదే కదా!
– ఆంగ్ల కవిత్వం బోధించే ఒక అధ్యాపకురాలు

జవాబు: మీ ప్రశ్నలో మొదటి సగంతో ఏకీభవిస్తాను. ఒక నాటకం చదివాక పదేళ్లకు ఎప్పుడో మనసులో కదిలే ఆలోచననూ, జీవితాంతం వదలని పఠనాభిలాషనూ డిగ్రీ ముగిసే నాటికి ఎవరూ కొలవలేరు. కొలవగలమని నటించకూడదు, కొలవలేము కనుక బోధించడం మానకూడదు. ఈ మాటను శాఖ తన నివేదికలోనే సూటిగా రాసుకోవచ్చు.

రెండో సగం మాత్రం చరిత్రకు నిలవదు. విద్యార్థులు నిజంగా ఎలా చదువుతున్నారని ఆధారాలతో అడిగినవారిలో ముందు వరుసలో ఉన్నది సాహిత్య అధ్యాపకులే. 1920లలో కేంబ్రిడ్జ్‌లో ఐ. ఏ. రిచర్డ్స్ తన శ్రోతలకు కవుల పేర్లు, కాలాలు తొలగించిన కవితలను ఇచ్చి, తీరిగ్గా చదువుకుని తోచింది రాసి ఇమ్మన్నారు. అలా వచ్చిన స్పందనల్లో 13 కవితలకు చెందినవాటిని విశ్లేషిస్తూ 1929లో గ్రంథంగా వెలువరించారు. రాసినవారిలో అత్యధికులు ఆంగ్ల సాహిత్యమే ప్రధానంగా చదువుతున్నవారు. అయినా చాలామందికి కవిత సాదా అర్థమే చిక్కలేదు. కొందరు కవితలోని మాటను వదిలి తమ సొంత జ్ఞాపకాల వెంట వెళ్లిపోయారు. కొందరు ముందే సిద్ధంగా ఉన్న భావోద్వేగాన్ని కవిత మీద కుమ్మరించారు. ఇంకొందరు ఛందస్సు ఇలాగే ఉండాలన్న నమ్మకంతో కవితను తోసిపుచ్చారు. పేరున్న కవుల రచనలు తిరస్కారానికి గురయ్యాయి, సాధారణమైనవి మెప్పు పొందాయి.

రిచర్డ్స్ వాళ్లకు మార్కులు వేయలేదన్నది గమనించండి. లోపం ఎక్కడుందో వర్గీకరించి, ఆ వర్గాల ఆధారంగా బోధన ఎలా మారాలో ఆలోచించారు. మదింపులో నేను ఆశించేది కూడా అంతే. మీరు కవిత్వం చెబుతున్నారు కనుక, ఈ ప్రయోగాన్ని చిన్న స్థాయిలో మీ తరగతిలో చేసి చూడండి: సెమిస్టర్ మొదటి వారంలో ఒక కవిత, చివరి వారంలో అంతే కష్టమున్న మరొకటి, రెంటికీ కవి పేరు ఉండదు, మార్కులు ఉండవు. రెండు రాతలనూ పక్కపక్కన పెట్టి చదివితే మీ బోధన గురించి మీకు తెలిసేది ఏ విద్యార్థి అభిప్రాయ సర్వేలోనూ దొరకదు.

ప్రశ్న: రూబ్రిక్ (ఏ అంశంలో ఏ స్థాయి రాత ఎలా ఉంటుందో వర్ణించే పట్టిక) పెట్టుకున్నా, ఒకే వ్యాసానికి ఇద్దరు అధ్యాపకులం వేసే స్థాయిల్లో చాలా తేడా వస్తోంది. ఇలాంటప్పుడు ఫలితాలను నమ్మేదెలా?
– ఒక అధ్యాపకురాలు

జవాబు: తేడా రావడం కొత్త కాదు. 1961లో పరీక్షలు రూపొందించే అమెరికా సంస్థ ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్‌లో పాల్ డైడెరిచ్, ఆయన సహచరులు 300 విద్యార్థి వ్యాసాలను 53 మంది చేత చదివించారు. ఆ పాఠకుల్లో ఆంగ్ల అధ్యాపకులతో పాటు ఇతర శాస్త్రాల అధ్యాపకులు, రచయితలు, సంపాదకులు, న్యాయవాదులు, వ్యాపార రంగంవారు కూడా ఉన్నారు. తొమ్మిది స్థాయిల్లో గ్రేడ్ వేయమంటే 101 వ్యాసాలకు తొమ్మిది గ్రేడ్లూ వచ్చాయి. ఐదు రకాల కంటే తక్కువ గ్రేడ్లు పొందిన వ్యాసం ఒక్కటీ లేదు. అజాగ్రత్త వల్ల ఇలా జరగలేదని గణాంక విశ్లేషణలో తేలింది: ఒకరు ఆలోచనలకు, ఒకరు నిర్మాణానికి, ఒకరు వాక్యదోషాలకు, ఒకరు పదాల పొందికకు, ఒకరు రచయిత గొంతుకకు ప్రాధాన్యం ఇచ్చారు. రూబ్రిక్ అనేది ఇలాంటి ఇష్టాలను బయటపెట్టి, వేటిని ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలో ముందే ఒప్పందానికి రావడానికి పుట్టిన సాధనం. ఆ ఒప్పందం కాగితం మీద కుదరదు. కలిసి చదివితేనే కుదురుతుంది.

మీ శాఖలో బహుశా రూబ్రిక్‌ను ఈమెయిల్‌లో పంపి, ఎవరి గదిలో వారు చదివి అంకెలు పంపమన్నారు. దానికి బదులు అందరూ ఒక పూట కూర్చోండి. విద్యార్థి పేరు, అధ్యాపకుడి వ్యాఖ్యలు, వేసిన మార్కు తొలగించిన మూడు నాలుగు వ్యాసాలను ముందు విడివిడిగా చదివి స్థాయి వేయండి. తర్వాత ఎవరు ఎందుకు అలా వేశారో వ్యాసంలోని వాక్యాలు చూపిస్తూ వాదించుకోండి. ‘ఆధారాల వినియోగం’ అన్న వరుసలో మూడో స్థాయికీ రెండో స్థాయికీ మధ్య గీత ఎక్కడుందో ఆ వాదనలోనే తేలుతుంది. రూబ్రిక్‌లోని మాటలు కూడా అక్కడే మారతాయి. నిజం చెప్పాలంటే ఈ మొత్తం కార్యక్రమంలో అన్నిటికంటే విలువైన పూట అదే. ఒకే శాఖలో ఏళ్ల తరబడి పనిచేస్తూ మంచి వ్యాసం అంటే ఏమిటో ఒక్కసారి కూడా మాట్లాడుకోని అధ్యాపకులు ఎందరో ఉన్నారు.

వ్యాసాల అసలు పఠనం మొదలయ్యాక ప్రతి వ్యాసాన్నీ ఇద్దరు చదవాలి. ఒకటికి మించిన స్థాయి తేడా వస్తే మూడోవారు చదవాలి. ఎంత శాతం ఏకీభవించారో నివేదికలో రాయండి. నాలుగే స్థాయిలు ఉన్నప్పుడు యాదృచ్ఛికంగా కూడా కొంత ఏకాభిప్రాయం వచ్చేస్తుంది కనుక, ఆ భాగాన్ని తీసివేసి లెక్కించడానికి జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించిన కప్పా సూచిక ఉంది. గణాంకశాస్త్రం తెలిసినవారు దగ్గర ఉంటే వాడుకోండి, లేకపోతే దానికోసం పని ఆపకండి.

రూబ్రిక్‌ను మొదటి అక్షరం నుంచి మీరే రాయనక్కర్లేదు. అమెరికన్ కళాశాలల, విశ్వవిద్యాలయాల సంఘం 2009లో విడుదల చేసిన ‘వాల్యూ’ రూబ్రిక్‌లలో లిఖిత వ్యక్తీకరణకు ఒకటి ఉంది. సందర్భం, ప్రయోజనం; విషయ విస్తరణ; ప్రక్రియా సంప్రదాయాలు; ఆధారాలు; వాక్యనిర్మాణంపై పట్టు అనే ఐదు అంశాలను ఒకటి నుంచి నాలుగు వరకు స్థాయిల్లో వర్ణిస్తుంది. అది అన్ని శాస్త్రాలకూ ఉద్దేశించినది కనుక మూలపాఠాన్ని నిశితంగా చదవడం అన్న అంశం అందులో విడిగా ఉండదు. ఆ వరుసను మీరే చేర్చుకోవాలి. ఐదు వరుసల అంకెలను కూడి ఒకే మొత్తంగా మాత్రం చూపకండి. అలా కూడితే మళ్లీ ఆ 68 మార్కుల దగ్గరికే చేరుకుంటారు.

ఎన్ని వ్యాసాలు చదవాలని చాలామంది అడుగుతుంటారు. చివరి ఏడాదిలో పదిహేను మంది ఉంటే అందరివీ చదవండి. వందకు పైగా ఉంటే లాటరీ పద్ధతిలో ముప్ఫై నలభై తీయండి. అధ్యాపకులను ‘మంచివి ఇవ్వండి’ అని మాత్రం అడగవద్దు.

ప్రశ్న: నేను చివరి ఏడాది విద్యార్థినిని. మా పరిశోధన వ్యాసాలను పేర్లు తీసేసి ఒక కమిటీ చదువుతుందట. మా గ్రేడ్లు మారతాయా?
– ఒక విద్యార్థిని

జవాబు: మారకూడదు. ఆ చదువు మీ గురించి కాదు, మీకు నేర్పిన కార్యక్రమం గురించి. అయితే మీ రాతను ఇందుకు వాడుకుంటామని శాఖ ముందే చెప్పి ఉండవలసింది. ఏ ఫలితాలను చూస్తున్నారో, ఏ రూబ్రిక్ వాడుతున్నారో అడిగి తెలుసుకోండి. సెమిస్టర్ ప్రారంభంలోనే అవి మీ చేతికి ఇవ్వడం ఉత్తమ పద్ధతి.

ప్రశ్న: ఇంటి దగ్గర రాసుకొచ్చిన వ్యాసం విద్యార్థిదో, కృత్రిమ మేధదో తెలియని రోజుల్లో, ఆ వ్యాసాలను చదివి అభ్యసన ఫలితాలు తేల్చడంలో అర్థముందా?
– ఒక అధ్యాపకుడు

జవాబు: చివరి వ్యాసం ఒక్కదాన్నే ఆధారం చేసుకుంటే అర్థం లేదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన నాటి నుంచి ఆ ఆధారం బలం తగ్గింది. యంత్రరచనను పసిగట్టే సాధనాలు ఆ బలాన్ని తిరిగి తేలేవు: ఓపెన్‌ఏఐ సంస్థ స్వయంగా 2023 జనవరిలో విడుదల చేసిన అలాంటి సాధనాన్ని కచ్చితత్వం తక్కువన్న కారణంతో అదే ఏడాది జులైలో ఉపసంహరించుకుంది. అదే సంవత్సరం స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఇలాంటి సాధనాలను కొన్నిటిని పరీక్షించి, ఆంగ్లం మాతృభాష కానివారు టోఫెల్ అనే ఆంగ్ల ప్రావీణ్య పరీక్షకు సొంతంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా యంత్రరచనలుగా ముద్ర పడ్డాయని చూపారు. ఆంగ్ల శాఖలో అలాంటి విద్యార్థులు ఉంటే, ఈ సాధనాల మాట మీద ఎవరినైనా దోషిగా నిలబెట్టడం అన్యాయం.

చేయదగినది ఆధారాల సంఖ్య పెంచడం. ఒకే పనికి చెందిన తొలి ప్రణాళిక, చిత్తుప్రతి, సహాధ్యాయుల వ్యాఖ్యలు, సవరించిన ప్రతి కలిపి పోర్ట్‌ఫోలియోగా సేకరించండి; ఆలోచన ఏ దశలో ఎలా మారిందో విద్యార్థి చేత ఒక పేజీ రాయించండి. తరగతిలోనే, తెలియని పాఠభాగం ఇచ్చి, చేతిరాతతో ఒక చిన్న విశ్లేషణ రాయించండి. వ్యాసం అప్పగించాక పది నిమిషాల మౌఖిక సంభాషణ జరపండి: ‘ఈ పేరాలో ఈ వాక్యాన్నే ఎందుకు ఉదాహరించారు? దీన్ని మరోలా చదవవచ్చా?’ రాసినవారికి ఈ ప్రశ్నలు కష్టం కావు. మౌఖిక వ్యక్తీకరణ గడి ఖాళీగా ఉందని పైన అన్నాను కదా, అదీ దీనితోనే నిండుతుంది.

శ్రమ పెరుగుతుంది, నిజమే. అన్ని కోర్సుల్లో చేయనక్కర్లేదు. రెండో ఏడాదిలో ఒక కోర్సు, చివరి ఏడాదిలో ఒక కోర్సు ఎంచుకుంటే మదింపుకు చాలు.

ప్రశ్న: మేం ‘70 శాతం విద్యార్థులు మూడో స్థాయికి చేరాలి’ అని లక్ష్యం పెట్టుకున్నాం. ఈ ఏడాది 82 శాతం చేరారు. నివేదిక పంపించాం, మెచ్చుకున్నారు. ఇక చేయవలసింది ఏమైనా ఉందా?
– మదింపు బాధ్యతలు చూస్తున్న ఒక అధ్యాపకుడు

జవాబు: ఉంది. ముందుగా, ఆ 70 ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుచేసుకోండి. ఎక్కువ శాఖల్లో అది తప్పకుండా దాటగల అంకె కావడం వల్లనే అక్కడ ఉంటుంది. ఒక సామాజిక సూచికను నిర్ణయాలకు ఎంత ఎక్కువగా వాడితే అది అంతగా వక్రీకరణకు లోనవుతుందనీ, తాను కొలవవలసిన ప్రక్రియనే పాడుచేస్తుందనీ సామాజిక శాస్త్రవేత్త డోనాల్డ్ క్యాంప్‌బెల్ 1970లలో హెచ్చరించారు. పరీక్షల మార్కులను కూడా ఆయన ఉదాహరణగా చూపారు. లక్ష్యం దాటకపోతే సంజాయిషీ అడుగుతారని తెలిసిన అధ్యాపకుల చేతుల్లో రెండో స్థాయి వ్యాసం మూడో స్థాయికి జరగడానికి ఎవరూ అబద్ధం చెప్పనక్కర్లేదు, కొంచెం దయ చూపితే చాలు.

ఆ 82 శాతాన్ని పక్కన పెట్టి, మిగిలిన 18 శాతం వ్యాసాలను మళ్లీ చేతిలోకి తీసుకోండి. వాళ్లంతా ఒకేచోట తడబడ్డారా? ఆ తడబాటుకు సంబంధించిన గడి మీ పాఠ్యప్రణాళిక పట్టికలో ఖాళీగా ఉందా? మూడో స్థాయికి చేరినవారిలో నాలుగో స్థాయి అందుకున్నవారు ఎందరు? ఎవరూ లేకపోతే అది కూడా పట్టించుకోవలసిన సంగతే. వరుసల వారీగా చూసి, ఒక్క బలహీనతను ఎంచుకుని, ఒక్క మార్పు చేయండి. ఉదాహరణకు, ఆధారాల వినియోగం బలహీనంగా ఉంటే రెండో ఏడాదిలోని ఒక కోర్సులో పెద్ద వ్యాసం స్థానంలో ఒకే విమర్శా వ్యాసంతో విభేదించే చిన్న రచనలు మూడు పెట్టవచ్చు. ఎవరి కోర్సులో, ఏ సెమిస్టర్ నుంచి అన్నది శాఖ సమావేశపు నమోదులో రాసి ఉంచండి. లేదంటే కమిటీ మారగానే మార్పు మాయమవుతుంది.

వచ్చే ఏడాదే అంకె పెరగాలని ఆశించకండి. రెండో ఏడాది కోర్సులో చేసిన మార్పు ప్రభావం ఆ విద్యార్థులు చివరి ఏడాదికి వచ్చాక గానీ వారి వ్యాసాల్లో కనిపించదు. అంతకుముందు వచ్చే హెచ్చుతగ్గులు ఒక బృందానికీ మరో బృందానికీ ఉన్న తేడా మాత్రమే. ఈ మధ్యకాలంలో రెండో ఫలితాన్ని పరిశీలించండి. మార్పు అందుకున్న తొలి బృందం చివరి ఏడాదికి రాగానే, పాత వ్యాసాల్లో కొన్నిటిని కొత్తవాటితో కలిపి, ఏవి ఏ ఏటివో చదివేవారికి తెలియకుండా మళ్లీ చదివించండి.